బీ విటమిన్ మాత్ర మనసు మీద, నొప్పి మీద నిజంగా ఏం చేస్తుంది?

ఒకే బీ కాంప్లెక్స్ మాత్ర. ఒకరు "పది రోజుల్లో మనిషినయ్యాను, తిమ్మిర్లు పోయాయి, చిరాకు తగ్గింది" అంటారు. ఇంకొకరు ఆరు నెలలు వేసుకున్నా మూత్రం పచ్చగా రావడం తప్ప ఏ తేడా లేదంటారు. మరొకరు నరాలకు బలమని ఏళ్ల తరబడి వాడి, చివరికి అరికాళ్లు మొద్దుబారి డాక్టరు దగ్గరికి వెళ్తారు. వినేవాళ్లకు ఈ మాటలకు పొంతన కుదరదు. కానీ ముగ్గురు చెప్పేదీ నిజం కావచ్చు. మాత్ర ఒకటే అయినా, అది చేరిన ఒళ్లు వేరు, అక్కడున్న లోటు వేరు, వేసుకున్న మోతాదు వేరు. ఈ మూడూ విడదీసి చూడకుండా "బీ విటమిన్ టెన్షన్ తగ్గిస్తుందా", "నొప్పికి పనిచేస్తుందా" అని అడిగితే సరైన జవాబు దొరకదు.

ఎనిమిది పదార్థాలకు ఒకే ఇంటిపేరు

బీ విటమిన్ అంటే ఒకటి కాదు, ఎనిమిది: బీ1 థయామిన్, బీ2 రైబోఫ్లేవిన్, బీ3 నియాసిన్, బీ5 పాంటోథెనిక్ ఆమ్లం, బీ6 పైరిడాక్సిన్, బీ7 బయోటిన్, బీ9 ఫోలేట్, బీ12 కోబాలమిన్. మధ్యలో కొన్ని అంకెలు లేకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు విటమిన్లనుకున్న కొన్ని పదార్థాలు తర్వాత ఆ లెక్కలోకి రావని తేలి జాబితాలోంచి పోయాయి.

ఈ కుటుంబం కథ మొదలైందే నరాల దగ్గర. 1890లలో జావాలో పనిచేసిన డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ పట్టిన బియ్యం మేసిన కోళ్లకు కాళ్లు పడిపోవడం, పాలిష్ పట్టని బియ్యం పెడితే అవి మళ్లీ లేచి నడవడం చూశాడు. మనుషుల్లో కాళ్లు చచ్చుబడే జబ్బు బెరిబెరికి మూలం అక్కడే దొరికింది. పాలిష్‌లో పోయే తవుడు పొరలో ఉన్నది బీ1. అమెరికాలో వేలమందిని పిచ్చాసుపత్రుల పాలు చేసిన పెల్లాగ్రా కథా అలాంటిదే. చర్మం పగలడం, విరేచనాలు, మతి చెడడం దాని లక్షణాలు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ దాని విరుగుడు నియాసిన్ అని తేల్చాక, ఏళ్ల తరబడి మతి స్థిమితం లేదనుకున్న రోగుల్లో చాలామంది రోజుల వ్యవధిలో తేరుకున్నారు. విటమిన్ మనసును మార్చగలదన్న నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. దానికి ఇంత గట్టి పునాది ఉంది. అయితే ఆ కోలుకున్నవాళ్లందరిలోనూ ముందు తీవ్రమైన లోటు ఉంది.

ఈ విటమిన్లలో చాలావరకు కోఎంజైములుగా పనిచేస్తాయి. ఎంజైమును పనివాడనుకుంటే, కోఎంజైము అతని చేతిలోని పనిముట్టు. పనిముట్టు లేకపోతే పనివాడు ఖాళీగా కూర్చుంటాడు. పనిముట్టు చేతికిస్తే పని వెంటనే మొదలవుతుంది. అంతేగానీ ఒక్క పనివాడికి పది పనిముట్లు ఇచ్చినంత మాత్రాన పది రెట్లు పని జరగదు. ఈ వ్యాసంలో ముందుముందు వచ్చే చాలా ఫలితాలు ఈ ఒక్క సంగతితో అర్థమవుతాయి.

మెదడు రసాయనాల తయారీలో బీ6 ఎక్కడ కూర్చుంటుంది

ఒక నరకణం ఇంకో నరకణానికి కబురు పంపే రసాయనాన్ని న్యూరోట్రాన్స్‌మిటర్ అంటారు. సెరటోనిన్, డోపమిన్, గాబా, గ్లుటమేట్ వాటిలో బాగా వినిపించే పేర్లు. గ్లుటమేట్ నరకణాన్ని ఉసిగొల్పుతుంది, గాబా శాంతింపజేస్తుంది.

ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం రెండు మెట్లలో సెరటోనిన్‌గా మారుతుంది. టైరోసిన్ కూడా రెండు మెట్లలో డోపమిన్ అవుతుంది. రెండు దారుల్లోనూ చివరి మెట్టు దాటించే ఎంజైముకు బీ6 కావాలి. గ్లుటమేట్‌ను గాబాగా మార్చే ఎంజైముకూ బీ6 కావాలి. ఆశ్చర్యం ఏమిటంటే, ఉసిగొల్పే రసాయనం ఒక్క అడుగులో శాంతపరిచే రసాయనం అయిపోతుంది. ఆ అడుగు వేయించేది ఈ చిన్న విటమిన్.

ఇది కాగితం మీది లెక్క కాదని 1950ల మొదట్లో అమెరికాలో దారుణంగా రుజువైంది. తయారీలో వేడికి బీ6 దెబ్బతిన్న డబ్బాపాలు తాగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయి. బీ6 ఇస్తే ఆగిపోయాయి. గాబా తయారీ కుంటుపడితే మెదడు ఎంత తొందరగా అదుపు తప్పుతుందో ఆ పిల్లల్లో కనబడింది. క్షయకు వాడే ఐసోనయజిడ్ మందు కూడా శరీరంలో బీ6 పనిని అడ్డుకుంటుంది. అందుకే ఆ మందుతో పాటు బీ6 కలిపి ఇవ్వడం మామూలు.

ఫోలేట్, బీ12 పని వేరు. ఈ రెండూ కలిసి హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని మిథియోనిన్‌గా మారుస్తాయి. ఫోలేట్ ఒక చిన్న మిథైల్ ముక్కను మోసుకొస్తుంది, బీ12 దాన్ని అందుకుని హోమోసిస్టీన్‌కు తగిలిస్తుంది. అలా తయారైన మిథియోనిన్ నుంచి పుట్టే మరో పదార్థం, ఆ మిథైల్ ముక్కను మెదడులో అవసరమైన చోటల్లా పంచుతుంది. వాటిలో నరాల మీది మైలిన్ పొర ఒకటి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులా నరానికి మైలిన్ రక్షణ. రెండు విటమిన్లలో ఏది తగ్గినా హోమోసిస్టీన్ పేరుకుపోతుంది. రక్తంలో అది పెరిగిందా అని చూసే పరీక్ష వెనక ఉన్న తర్కం ఇదే.

బీ1 అవసరం ఇంకా మౌలికం. శరీర బరువులో మెదడు రెండు శాతమే అయినా, విశ్రాంతిలో ఒళ్లు వాడే శక్తిలో దాదాపు ఐదో వంతు దానిదే. గ్లూకోజును ఆ శక్తిగా మార్చే దారిలో బీ1 తప్పనిసరి. పైగా ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. బీ12 సంగతి దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. కాలేయంలో ఉన్న నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది. బీ12 లోటు మెల్లగా, ఎవరూ గుర్తుపట్టనంత నిదానంగా కమ్ముకురావడానికి కారణం అదే.

"బ్యాలెన్స్" అనే మాటలో ఉన్న చిక్కు

బీ6తో సెరటోనిన్ తయారవుతుంది కాబట్టి బీ6 ఎక్కువ వేసుకుంటే సెరటోనిన్ పెరుగుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సెరటోనిన్ తయారీ వేగాన్ని నిర్ణయించేది మొదటి మెట్టు. ఆ మెట్టు ఎంజైముకు బీ6 అక్కర్లేదు. ఇరుకు వంతెన దగ్గర బళ్లు ఆగిపోయి ఉంటే, వంతెన దాటాక రోడ్డు ఎంత వెడల్పు చేసినా బళ్లు ముందుకు రావు. బీ6 చక్కగా ఉన్న మనిషిలో చివరి మెట్టుకు ఇంకా బీ6 పోయడం అలాంటిదే.

గాబా విషయం అంత సూటిగా లేదు. గాబా తయారు చేసే ఎంజైములో చాలా భాగం మెదడులో బీ6 తగులుకోకుండా ఖాళీగా, పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. అందుకని బీ6 ఎక్కువ ఇస్తే గాబా కొంత పెరగవచ్చన్న ఊహకు శాస్త్రపరంగా చోటుంది. ఆ ఊహను పరీక్షించిన ప్రయోగం సంగతి కింద వస్తుంది.

"మీ న్యూరోట్రాన్స్‌మిటర్ల బ్యాలెన్స్ చెడింది" అని మూత్రం పరీక్షతో తేల్చి చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో తయారవుతుంది, అది మెదడులోకి దాటదు. మూత్రంలో కనబడే అంకె మెదడులోని ఏ మూల ఏం జరుగుతోందో చెప్పలేదు.

లోటు ఉన్నవాళ్లలో: బీ12 కథ

విటమిన్ నిజంగా మనిషిని మార్చేసే చోటు ఇది. ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. డెబ్బై ఏళ్ల ఆమె. పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, కడుపులో మంటకు యాసిడ్ తగ్గించే మాత్ర వాడుతోంది. ఏడాదిగా అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంది. చీకట్లో నడిస్తే తూలుతోంది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, పేర్లు గుర్తురావడం లేదు. ఇంట్లోవాళ్లు వయసు అనుకుంటారు. కాళ్ల తిమ్మిరి షుగరు వల్ల అనుకుంటారు. హిమోగ్లోబిన్ చూస్తే బాగానే ఉంది. కాబట్టి బీ12 గురించి ఎవరికీ అనుమానం రాదు.

సమస్యంతా ఆ "కాబట్టి"లో ఉంది. 1988లో లిండెన్‌బామ్ బృందం, బీ12 లోటు వల్ల నరాల, మానసిక లక్షణాలున్న 141 మందిని పరిశీలిస్తే, వాళ్లలో 40 మందికి రక్తహీనత గానీ ఎర్రకణాల పరిమాణంలో పెరుగుదల గానీ లేదు. రక్తం బాగుంటే బీ12 బాగున్నట్టే అనుకోవడం కుదరదు. నరాలు, మనసు ముందు దెబ్బతినవచ్చు. వెన్నుపాములో మైలిన్ దెబ్బతిన్నాక చాలా ఆలస్యమైతే పూర్తిగా కోలుకోవడం కష్టం. ఇంత తేలికైన వైద్యం ఉన్న జబ్బు గుర్తింపు లేక ముదిరిపోవడం బాధాకరం.

మాంసం, చేప, గుడ్డు, పాలు వంటివాటిలోనే బీ12 సహజంగా దొరుకుతుంది. వాటిని పూర్తిగా మానేసినవాళ్లకు లోటు రావచ్చు. తిన్నా ఒంటికి పట్టనివాళ్లు ఇంకో గుంపు. తిండిలోని బీ12 విడిపడడానికి కడుపులో ఆమ్లం కావాలి, పేగులోంచి లోపలికి వెళ్లడానికి కడుపు తయారు చేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ కావాలి. వయసుతో ఆమ్లం తగ్గినా, యాసిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడినా, మెట్‌ఫార్మిన్ వల్లా, కడుపు ఆపరేషన్ల తర్వాతా ఈ దారి మూసుకుపోతుంది. అయినా పెద్ద మోతాదులో ఒక శాతం వరకు ఆ దారితో పనిలేకుండా లోపలికి వెళ్తుంది. రోజుకు రెండున్నర మైక్రోగ్రాములు చాలే విటమిన్‌ను మాత్రలో 1,000 మైక్రోగ్రాములు పెట్టడం వెనక లెక్క ఇది: వెయ్యిలో ఒక శాతం పది.

పరీక్షల అంకెల్లోనూ ఒక బూడిదరంగు ప్రాంతం ఉంది. మిల్లీలీటరు రక్తంలో బీ12 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే సాధారణంగా లోటు అంటారు. 200 నుంచి 300 మధ్య ఉన్నవాళ్లలో కొందరికి కణాల లోపల లోటు ఉంటుంది, కొందరికి ఉండదు. అక్కడ బీ12 తగ్గితే పెరిగే మిథైల్‌మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ పరీక్షలు తేడా పట్టిస్తాయి. ఇంకో చిక్కు: బీ12 లోటు ఉన్న మనిషి ఒక్క ఫోలిక్ ఆమ్లం మాత్రే పెద్ద మోతాదులో వేసుకుంటే రక్తం మెరుగుపడుతుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగిపోతుంది.

పై ఉదాహరణలోని ఆమెకు బీ12 అందితే తిమ్మిర్లు, తూలడం, దిగులు నెలల్లో తగ్గవచ్చు. ఆమె "అద్భుతం" అంటే అందులో అతిశయోక్తి లేదు.

లోటు లేనివాళ్లలో: మూడ్ మీద ప్రయోగాలు ఏం చెప్పాయి

ఇక్కడి నుంచి జవాబులు మసకబారతాయి. 2022లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వెలువరించిన అధ్యయనంలో 478 మంది యువకులు పాల్గొన్నారు. కొందరికి రోజుకు 100 మిల్లీగ్రాముల బీ6, కొందరికి 1,000 మైక్రోగ్రాముల బీ12, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్ర దాదాపు నెల రోజులు ఇచ్చారు. బీ6 తీసుకున్నవాళ్లు తమ ఆందోళన తగ్గిందని చెప్పారు. కంటిచూపు మీద చేసిన ఒక పరీక్షలో గాబా ప్రభావం పెరిగిందనడానికి పరోక్ష సూచన కూడా కనిపించింది. పైన చెప్పిన ఖాళీ ఎంజైము ఊహకు ఇది బలం. కానీ తగ్గుదల స్వల్పం. ఆందోళన కొలిచింది వాళ్లు స్వయంగా నింపిన ప్రశ్నపత్రాలతో. మోతాదు రోజువారీ అవసరానికి డెబ్బై రెట్లకు పైనే. ఆ మోతాదు సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

2019లో వెలువడిన ఒక మెటా విశ్లేషణ, జబ్బేమీ లేనివాళ్ల మీద, పోషణ లోటో, దిగులో ఉండే ముప్పున్నవాళ్ల మీద జరిగిన బీ విటమిన్ ప్రయోగాలన్నీ కలిపి చూసింది. ఒత్తిడి కొద్దిగా తగ్గింది. డిప్రెషన్ లక్షణాల్లో స్పష్టమైన మేలు తేలలేదు, ఆందోళనలో అసలు లేదు.

డిప్రెషన్ ఉన్నవాళ్లకు మందులతో పాటు ఫోలేట్ ఇస్తే? 2000లో కాపెన్, బెయిలీ అనే పరిశోధకులు 127 మందికి డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆడవాళ్లలో ఫలితం మెరుగుపడింది. మగవాళ్లలో తేడా కనబడలేదు. 2012లో, మందులకు సరిగా లొంగని డిప్రెషన్‌లో 15 మిల్లీగ్రాముల మేర, శరీరం మార్చుకోనక్కర్లేని ఫోలేట్ రూపమైన ఎల్-మిథైల్‌ఫోలేట్ ఇస్తే 32 శాతం మంది మెరుగయ్యారు, ఉత్తుత్తి మాత్రతో 15 శాతం. అదే పరిశోధకులు సగం మోతాదు ఇచ్చినప్పుడు తేడా రాలేదు. ఆ తర్వాత 2014లో బ్రిటన్‌లో 475 మంది మీద జరిగిన పెద్ద ప్రయోగంలో 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఏ మేలూ చేయలేదు.

వీటిలో ఏది నమ్మాలి? మిథైల్‌ఫోలేట్ పక్షాన మాట్లాడేవాళ్లు బ్రిటన్ ప్రయోగంలో వాడిన రూపం వేరని, ఫోలిక్ ఆమ్లాన్ని శరీరం మళ్లీ మార్చుకోవాలని అంటారు. ఇది తోసిపుచ్చదగ్గ వాదన కాదు. అవతలి పక్షం, మేలు కనిపించిన ప్రయోగాలు చిన్నవని, చిన్నవాటిలో అదృష్టవశాత్తూ వచ్చే తేడాలు పెద్దవాటిలో నిలవవని గుర్తుచేస్తుంది. నాకు రెండో వాదనే బరువుగా తోస్తుంది. నెదర్లాండ్స్‌లో హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్న 2,900 మందికి పైగా వృద్ధులకు రెండేళ్లు బీ12, ఫోలిక్ ఆమ్లం ఇస్తే హోమోసిస్టీన్ తగ్గింది, దిగులు లక్షణాలు మాత్రం తగ్గలేదు. రక్తంలో అంకె దిగడం, మనిషికి తేలిక కావడం రెండు వేర్వేరు సంగతులని ఇంత పెద్ద ప్రయోగం చెబుతుంటే వినాలి.

అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఆస్ట్రేలియాలో నడివయసు దాటినవాళ్లకు డిప్రెషన్ మందుతో పాటు బీ6, బీ12, ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు, పన్నెండు వారాల దగ్గర తేడా లేకపోయినా ఏడాది మొత్తం చూస్తే కోలుకున్నది నిలబడడంలో మేలు కనిపించింది. విటమిన్ మందుకు బదులు రాకపోవచ్చు, తోడుగా కొందరికి ఉపయోగపడవచ్చు అన్నంతవరకు ఈ ఆధారం మోస్తుంది.

ఎమ్‌టీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు గురించి ఒక మాట. అందులో ఒక మార్పు ఉన్నవాళ్లలో ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చడం కాస్త నెమ్మదిస్తుంది. ఆ మార్పు చాలా సాధారణం, మోస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. అందుకే అమెరికా వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంస్థ 2013లోనే ఈ పరీక్షను మామూలుగా చేయించడం అనవసరమంది.

నొప్పి: నడుం వేరు, నరం వేరు, తలనొప్పి వేరు

"నొప్పికి బీ విటమిన్" అన్నప్పుడు ఏ నొప్పి అన్నది ముందు తేలాలి. హఠాత్తుగా పట్టేసిన నడుంనొప్పికి 372 మంది మీద జరిగిన 2009 నాటి ప్రయోగంలో, ఒక గుంపుకు నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ ఒక్కటే, ఇంకో గుంపుకు దానితో పాటు బీ1, బీ6, బీ12 ఇచ్చారు. మూడు రోజులకు విటమిన్లు కలిపినవాళ్లలో 46.5 శాతం మంది నొప్పి తగ్గి మందు ఆపగలిగారు, డైక్లోఫెనాక్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 29 శాతం. అంటే నూరుమందికి కలిపి ఇస్తే దాదాపు పదిహేడు మంది అదనంగా తొందరగా తేరుకున్నారు. డైక్లోఫెనాక్ కడుపును ఇబ్బంది పెట్టే మందు కాబట్టి కొన్ని రోజులు ముందే ఆపగలగడం చిన్న విషయం కాదు. ఇది వారం లోపు వాడకానికి సంబంధించిన ఫలితం. ఏళ్లనాటి నడుంనొప్పికి దీన్ని అన్వయించలేం.

నరాల నొప్పిలో, అంటే మంటలు, తిమ్మిర్లు, కరెంటు షాకు కొట్టినట్టు ఉండడంలో, లోటు వల్ల వచ్చినదాన్ని విటమిన్ తగ్గిస్తుంది. షుగరు వంటి ఇతర కారణాలతో వచ్చినదాని మీద చిన్న ప్రయోగాలు చాలా జరిగాయి, ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. 2008లో పదమూడు ప్రయోగాలను కలిపి చూసిన కొక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య ఆధారాల సంస్థ సమీక్ష, మేలుందని గానీ లేదని గానీ తేల్చడానికి ఆధారం చాలదంది. షుగరున్న మనిషికి మెట్‌ఫార్మిన్ వల్ల బీ12 కూడా తగ్గితే తిమ్మిరి ఏ కారణంతో వచ్చిందో లక్షణాలను బట్టి చెప్పడం దాదాపు అసాధ్యం. అలాంటి చోట ఒక రక్తపరీక్ష తేల్చినంత, నెలల తరబడి వేసుకున్న మాత్ర తేల్చలేదు.

మైగ్రేన్ ఇంకో దారి. 1998లో 55 మంది మీద, రోజుకు 400 మిల్లీగ్రాముల బీ2 మూడు నెలలు ఇచ్చి చూశారు. 59 శాతం మందికి తలనొప్పి సగానికి సగం తగ్గింది, ఉత్తుత్తి మాత్రతో 15 శాతం. రోజువారీ అవసరం ఒకటిన్నర మిల్లీగ్రాము లోపే. కాబట్టి ఇది లోటు నింపడం కాదు, విటమిన్‌ను మందుగా వాడడం. కణాల్లో శక్తి తయారీని అది మెరుగుపరుస్తుందన్నది దీని వెనక ఊహ. ప్రయోగం చిన్నది, పిల్లల మీద చేసినవాటిలో ఇంత మేలు కనిపించలేదు. అయినా దుష్ప్రభావాలు చాలా తక్కువ కావడంతో పెద్దవాళ్లకు వైద్యులు దీన్ని అప్పుడప్పుడూ సూచిస్తారు.

నీళ్లలో కరిగేదే అయినా ఎక్కువైతే

బీ విటమిన్లు నీళ్లలో కరుగుతాయి, ఎక్కువైంది మూత్రంలో పోతుంది, ప్రమాదం లేదు అనే మాట బాగా పాతుకుపోయింది. బీ6 విషయంలో అది తప్పు. 1983లో అమెరికాలో ఏడుగురి గురించి వచ్చిన నివేదిక వైద్యులను ఉలిక్కిపడేలా చేసింది. రోజుకు 2 నుంచి 6 గ్రాముల బీ6 నెలల తరబడి వాడినవాళ్లకు కాళ్లూ చేతులూ మొద్దుబారి, నడక తూలింది. ఆ తర్వాత చాలా తక్కువ మోతాదుల్లోనూ ఇలాంటి కేసులు బయటపడ్డాయి. ఎందుకు ఇలా జరుగుతుందన్నదానికి ఒక వివరణ ఉంది. మాత్రలో ఉండే పైరిడాక్సిన్ పనిచేయని రూపం, శరీరం దాన్ని పనిచేసే రూపంలోకి మార్చుకోవాలి. మితిమీరి ఉంటే మారనిది ఎంజైముల దగ్గర అసలుదానికి అడ్డుపడవచ్చు. పనిముట్టు స్థానంలో బొమ్మ పనిముట్టు పెట్టినట్టు. అప్పుడు లోటు లక్షణాలే కనిపిస్తాయి: తిమ్మిర్లు, మొద్దుబారడం. వాటికి ఇంకా బీ6 వేసుకుంటే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

సురక్షిత పరిమితి ఎంత అన్న దగ్గర దేశాల మధ్య పెద్ద తేడా ఉంది. అమెరికా 1998లో పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములని పెట్టింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12 మిల్లీగ్రాములకు దించింది. ఆస్ట్రేలియాలో 10 మిల్లీగ్రాములు దాటిన మాత్రల డబ్బా మీద నరాల హెచ్చరిక తప్పనిసరి చేశారు. ఒకే ఆధారాలను చూసి ఒకరు జాగ్రత్త వైపు, ఇంకొకరు తీవ్రంగా దెబ్బతిన్న కేసుల వైపు మొగ్గడం వల్ల ఈ తేడా. అందరికీ నష్టం జరగదు, ఎవరికి జరుగుతుందో ముందే చెప్పే పరీక్షా లేదు.

ఒక లెక్క చూద్దాం. ఒక మనిషి ఉదయం 50 మిల్లీగ్రాముల బీ6 ఉన్న నరాల మాత్ర, మధ్యాహ్నం 2 మిల్లీగ్రాములున్న మల్టీవిటమిన్, రాత్రి నిద్ర కోసం 25 మిల్లీగ్రాముల బీ6 ఉన్న మెగ్నీషియం మాత్ర వేసుకుంటున్నాడనుకుందాం. ఏ డబ్బా మీదా ప్రమాదకరమైన అంకె కనబడదు. మొత్తం రోజుకు 77 మిల్లీగ్రాములు. అమెరికా పరిమితి లోపలే, యూరప్ పరిమితికి ఆరు రెట్లు. రెండేళ్లకు అతనికి తిమ్మిర్లు మొదలైతే, కారణం మూడు డబ్బాల వెనక చిన్న అక్షరాల్లో విడివిడిగా రాసి ఉంటుంది. బీ6 ఆపేశాక కూడా కొన్ని వారాలు లక్షణాలు పెరగవచ్చు, ఆ తర్వాత చాలామందిలో నెలల మీద నెమ్మదిగా తగ్గుతాయి.

బయోటిన్ ఒంటికి ఇలాంటి హాని చేయదు గానీ ల్యాబును తప్పుదారి పట్టిస్తుంది. జుట్టు కోసం పెద్ద మోతాదులో వాడేవాళ్ల రక్తంలో అది కొన్ని థైరాయిడ్ పరీక్షల అంకెలను, గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ అంకెను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. దిగులుగా, నీరసంగా ఉందని థైరాయిడ్ పరీక్షకు వెళ్లిన మనిషి బయోటిన్ వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పకపోతే, లేని జబ్బు కాగితం మీద కనబడవచ్చు, ఉన్నది దాగిపోవచ్చు.